నాన్న కట్టిన గుర్రం ధర

మొన్న కార్తీకమాసంలో విజయవాడ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు.

‘‘మావయ్యా, గుర్రాన్ని అమ్మేద్దామనుకుంటున్నా. ఎంత చెప్పమంటావు?’’

వాడికి రెండు గుర్రాలున్నాయి. పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిస్తాడు. అమ్ముదామనుకుంటున్నది తెల్లది. మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా మాళెగాంలో ఏటా ఖండోబా జాతర జరుగుతుంది. అక్కడ గుర్రాల సంత పెద్దది. వాడు నాలుగేళ్ళ కిందట అక్కడే కొన్నాడు దాన్ని. ఫోన్ పెట్టకముందే వాట్సాప్‌లో ఆరు ఫొటోలు వచ్చి పడ్డాయి. జూలు దువ్వి, మెడలో పూసల దండ వేసి, పెళ్ళికూతురిలా నిలబెట్టాడు.

‘‘నువ్వెంత అనుకుంటున్నావురా?’’ అన్నాను.

‘‘లక్షా ఎనభై.’’

‘‘లక్షా ఎనభై ఎందుకు?’’

‘‘కారు లోను ఇంకా లక్షా డెబ్బై కట్టాలి. పైన పదివేలు బేరానికి.’’

నవ్వొచ్చింది. ‘‘ఒరేయ్, అది కారు ధర. గుర్రం ధర చెప్పు’’ అన్నాను.

వాడూ నవ్వాడు. కానీ తర్వాత నేనడిగిన ప్రశ్నకి నవ్వలేదు. ‘‘గుర్రంలో లోపం ఏమన్నా ఉందా?’’ అంటే కాసేపు ఆగి, ‘‘టపాసులంటే బెదురు మావయ్యా. పోయినేడు ఓ పెళ్ళిలో ముందుకాళ్ళు లేపింది. పెళ్ళికొడుకుని పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది’’ అన్నాడు.

‘‘కొనేవాడికి చెబుతావా?’’

‘‘అడిగితే చెబుతా.’’

ఆ మాట విని నేను ఉలిక్కిపడ్డాను. నలభై ఏళ్ళ కిందట మా ఇంటి ముందు, వేపచెట్టు కింద నిలబడి నేనన్న మాట అది.

మా నాన్న తెనాలిలో జట్కా తోలేవాడు. రైల్వే స్టేషను ముందు వరసగా జట్కాలు ఆగి ఉండేవి. రైలు దిగినవాళ్ళని ఇళ్ళకి చేర్చడం, పెళ్ళిళ్ళకి చుట్టాలని దింపడం, సినిమా కొత్తదొస్తే మైకు కట్టుకుని ఊరంతా తిరగడం ఆయన పని. మా గుర్రం పేరు చిట్టి. ఎర్రటి ఒళ్ళు, నల్లటి జూలు. నాన్న పగ్గం పట్టుకోకపోయినా స్టేషను నుంచి బోసురోడ్డు మీదుగా ఇంటికి తీసుకొచ్చేసేది. పొద్దున్నే ఉలవలు ఉడికిన వాసన వస్తే కొట్టంలోంచి కాలితో నేల తట్టేది. మా అమ్మ మాకు కాఫీ ఇవ్వడం ఆలస్యం చేసేదేమోగానీ దానికి ఉలవలు పెట్టడం ఆలస్యం చేసేది కాదు. ‘గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు’ అని సామెత. ఆ సామెత మా ఇంట్లోనే నిజమవుతుందని అప్పటికి ఎవరికీ తెలీదు.

ఆటోలొచ్చాయి. స్టేషను ముందు జట్కాల వరస ఏటేటా కురచైపోయింది. 1985 వేసవిలో నాన్న ఓ రైసుమిల్లులో పనికి ఒప్పుకున్నాడు. బండినీ గుర్రాన్నీ అమ్మేయాలనుకున్నాడు. అదే ఏడు నేను ఇంటర్ పాసయ్యాను. గుంటూరులో డిగ్రీలో చేరాలి. హాస్టలుకి, పుస్తకాలకి డబ్బు కావాలి. గుర్రం డబ్బు వస్తే నా చదువు గట్టెక్కుతుందని అమ్మ లెక్క.

నాన్న లెక్క వేరు. ఓ రాత్రి కొట్టం గోడ మీద బొగ్గుముక్కతో రాసుకుంటూ కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆ లెక్క నాకిప్పటికీ గుర్తుంది.

‘‘మొదట కొత్త గుర్రం ఎంతో చూడాలి’’ అన్నాడు. అప్పట్లో నోరు నిండిన గుర్రం, అంటే ఐదేళ్ళది, బండికి అలవాటైనది మూడువేల అయిదొందలు పలుకుతోంది. అలాంటిది జబ్బు చెయ్యకుండా ఉంటే పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా పనిచేస్తుంది. అంటే పదమూడేళ్ళ పని. మా చిట్టికి పదకొండేళ్ళు. మిగిలింది ఏడేళ్ళ పని. మూడువేల అయిదొందల్ని పదమూడుతో భాగించి ఏడుతో హెచ్చవేస్తే పంతొమ్మిదొందలకి కాస్త తక్కువ. నాన్న పంతొమ్మిదొందలు అని వేసుకున్నాడు.

‘‘దానికి బుద్ధి కలపాలి’’ అన్నాడు. చిట్టి కరవదు, తన్నదు, పిల్లలు తోక పట్టుకు లాగినా ఊరుకుంటుంది. నాడాలు కొట్టించుకునేటప్పుడు కాలు తనే ఎత్తి ఇస్తుంది. కొత్తగా కొన్న గుర్రం బుద్ధి ఎలాంటిదో తెలుసుకోవడానికి ఆర్నెల్లు పడుతుంది, ఇది తెలిసిన గుర్రం కాబట్టి దానికో అయిదొందలు. మొత్తం రెండువేల నాలుగొందలు.

‘‘మరి దానికి ఇన్నేళ్ళూ పెట్టిన ఉలవలో?’’ అన్నాను.

‘‘అవి అది తింది, మనల్ని లాగింది. చెల్లు’’ అన్నాడు.

‘‘నా హాస్టలు ఫీజు?’’

‘‘అది నీ ఖర్చు. గుర్రం ధరలో ఎలా కలుపుతాం? నాకు అవసరం లేదనుకో, దాని విలువ తగ్గిపోతుందా? నాకు అవసరముందని పెరగదు కూడా.’’ కాసేపాగి, ‘‘నాకు దాని మీదున్న ప్రేమక్కూడా కొనేవాడు డబ్బివ్వడు’’ అన్నాడు.

అప్పుడు బొగ్గుముక్క పక్కన పెట్టి, చాలాసేపు ఏమీ రాయలేదు. కారణం నాకు తెలుసు. చిట్టికి కుడికన్ను పోతోంది.

ఏడాది ముందు ఆ కన్ను ఎర్రబడి నీరు కారింది. తగ్గింది. మళ్ళీ వచ్చింది. పశువుల డాక్టరు చూసి, కంటి లోపల వాపు వచ్చిపోతూ ఉంటుందనీ, వచ్చినప్పుడల్లా కొంత చూపు తీసుకుపోతుందనీ చెప్పాడు. జట్కా గుర్రానికి ఎటూ కళ్ళకి గంతలు ఉంటాయి. రోడ్డు మీద చూసేవాళ్ళకి ఏమీ తెలీదు. కానీ మన దేశంలో బండి ఎడమపక్కన నడుస్తుంది, ఎదురొచ్చేవి కుడిపక్కనుంచి వస్తాయి. లారీ దగ్గరికొచ్చేదాకా చిట్టికి కనిపించేది కాదు. కనిపించగానే ఒక్కసారి అదిరిపడి పక్కకి లాగేది. నాన్న కాబట్టి సంబాళించేవాడు.

‘‘ఊళ్ళో బండి కట్టేవాడికైతే ఈ గుర్రానికి ధర కట్టలేం’’ అన్నాడు చివరికి. ‘‘ఎంత తగ్గించినా తగ్గించినట్టు కాదు. లారీలు తిరగని దారిలో తోలేవాడికైతే మూడొందలు తగ్గిస్తే సరిపోతుంది.’’ గోడ మీద రెండువేల నూరు అని రాసి కింద గీత గీశాడు. ‘‘చెప్పడం రెండువేల మూడొందలు చెబుదాం. బేరమాడేవాడికి తగ్గించానన్న తృప్తి ఉండాలి కదా. ఆ జాగా వేలెడంత ఉండాలిగానీ వీధంత ఉండకూడదు. మరీ ఎక్కువ చెబితే నిజంగా కొనేవాడు గుమ్మంలోంచే వెళ్ళిపోతాడు. మరీ తక్కువ చెబితే ఏదో రోగం ఉందనుకుంటాడు.’’

మొదట వచ్చినాయన గుంటూరు స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. ఆయన పళ్ళు కూడా సరిగ్గా చూడలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, సుడులు వెతికాడు. కంటి కింద సుడి ఉంటే అరిష్టం, మెడ మీద ఉంటే అదృష్టం అని గుర్రాలవాళ్ళకి గట్టి నమ్మకం. సుడి బాగుందంటే ధర పెరుగుతుంది, లేదంటే మంచి గుర్రం కూడా సంతలో నిలబడిపోతుంది. మా చిట్టి సుడులు ఆయనకి నచ్చాయి. ‘‘ఎనిమిదేళ్ళుంటుందా? రెండువేల ఆరొందలిస్తాను, రేపే తోలుకెళతాను’’ అన్నాడు.

మేం చెప్పాలనుకున్నదానికన్నా మూడొందలు ఎక్కువ. నాకు గుంటూరు హాస్టలు గది కళ్ళముందు కనిపించింది. అమ్మ గుమ్మంలోంచి నాన్నకి సైగ చేసింది.

నాన్న చిట్టి పెదవి పైకెత్తాడు. ‘‘ఎనిమిది కాదయ్యా, పదకొండు. ఇదిగో చూడు’’ అన్నాడు. గుర్రం వయసు పళ్ళలో రాసి ఉంటుంది. ఐదేళ్ళకి పాలపళ్ళన్నీ పోయి గట్టిపళ్ళు వస్తాయి. కింది వరసలో ముందుపళ్ళ మీద ఉండే గుంటలు ఆరేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు నడిమి జత నుంచి చివరి జత దాకా ఒక్కో జతా అరిగి నున్నబడతాయి. పదేళ్ళ ప్రాంతంలో పైవరసలో చివరి పంటి మీద, చిగురు దగ్గర ఓ సన్నటి గాడి మొదలవుతుంది. అది పదిహేనేళ్ళకి పంటి సగందాకా, ఇరవైకి అంచుదాకా దిగుతుంది. వెనకటికి కొందరు మాయగాళ్ళు ముసలి గుర్రం పళ్ళ మీద గుంటలు చెక్కి, కాల్చి నల్లగా చేసి వయసు దాచేవాళ్ళట. కానీ ఆ గాడిని ఎవరు దాస్తారు?

వయసు చెప్పినా ఆయన వెనక్కి తగ్గలేదు. ‘‘పదకొండైనా ఫరవాలేదు, రెండువేల అయిదొందలు’’ అన్నాడు.

నాన్న ఏదో చెప్పబోతుంటే నేను పక్కకి పిలిచాను. వేపచెట్టు కింద నిలబడి, ‘‘నాన్నా, కంటి సంగతి అడిగితే చెప్పు. అడక్కపోతే మనకెందుకు?’’ అన్నాను.

నాన్న నా వైపు కోపంగా చూడలేదు. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మెల్లిగా, ‘‘అడగడం తెలిసినవాడైతే అడిగితే చెప్పొచ్చు. తెలీనివాడికి ముందే చెప్పాలి. పోనీ, వాడు అడగలేదు. రేపు వాడి బండెక్కే ఆడవాళ్ళూ, పిల్లలూ వచ్చి నన్ను అడుగుతారా?’’ అన్నాడు.

వెళ్ళి చెప్పేశాడు. ఆయన కన్ను చూశాడు, చెయ్యి ఊపి చూశాడు, మౌనంగా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు. నేను వారం మాట్లాడలేదు.

దళారీ ఒకతను వచ్చాడు. సంతకి తీసుకెళదాం, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం నేను చూసుకుంటా, కన్ను మాట ఎత్తొద్దు అన్నాడు. నాన్న మజ్జిగ ఇచ్చి పంపించేశాడు. ఈలోగా నెల గడిచింది. అమ్మకానికి పెట్టిన గుర్రం కూడా తింటుంది కదా. గుర్రానికి రోజుకి దాని బరువులో నూటికి రెండు వంతుల పైన మేత కావాలి. చిట్టి లాంటి చిన్న గుర్రానికైనా ఐదారు కిలోలు. పనిలేని గుర్రం నెల తింటే ఆ మేరకి దాని ధర మనమే తినేసినట్టు అనేవాడు నాన్న. అందుకే మంచి ధర కోసం మరీ కాచుక్కూర్చోవడం కూడా నష్టమే.

రెండో ఆయన కొల్లిపర వైపు నుంచి వచ్చాడు. కృష్ణ కట్ట మీద అరటిగెలలు తోలే పెద్దాయన. ముందురోజు కబురు పెట్టి, ‘‘పొద్దున్నే వస్తాను, నేనొచ్చేదాకా గుర్రాన్ని కదల్చొద్దు’’ అన్నాడు. ఎందుకని నేనడిగితే నాన్న చెప్పాడు. కుంటుగుర్రం కూడా కాసేపు నడిపించి ఒళ్ళు వేడెక్కిస్తే కుంటు తగ్గినట్టు కనిపిస్తుందట. అందుకే తెలిసినవాళ్ళు గుర్రాన్ని కట్టుకొయ్య దగ్గర, చల్లగా ఉన్నప్పుడే చూస్తారు.

ఆయన తెల్లారేసరికి వచ్చాడు. నాలుగు డెక్కలూ ఎత్తి అడుగుభాగం చూశాడు. ముందుకాళ్ళ నరాల మీద చెయ్యి రాసి ఎక్కడైనా వేడి తగులుతుందేమో చూశాడు. గుర్రం బరువులో సగానికి పైగా ముందుకాళ్ళే మోస్తాయి, చెడితే ముందు అవే చెడతాయి. తిన్నగా నడిపించాడు, చిన్న వలయంలో తిప్పించాడు, రాళ్ళ మీద పరుగెత్తించి చెవి పెట్టి విన్నాడు. నాలుగు కాళ్ళ చప్పుడూ ఒకే తీరుగా ఉండాలట.

ఆయన కంటి దగ్గరికి రాకముందే నాన్న చెప్పేశాడు. పెద్దాయన ఓ గడ్డిపరక తీసుకుని కుడికంటి ముందు పైకీ కిందకీ ఆడించాడు. తర్వాత వెళ్ళి మా అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించాడు. సగం చుట్ట అయ్యేదాకా మాట్లాడలేదు.

‘‘కట్ట మీద నాకెదురొచ్చేవి ఎడ్లబళ్ళే’’ అన్నాడు చివరికి. ‘‘మొదటి నెల కుడిపక్కన నేనే దిగి నడుస్తాను. దారి అలవాటైతే ఒంటికన్ను చాలు. ఎంతంటావు?’’

‘‘రెండువేల మూడొందలు.’’

‘‘రెండువేలు.’’

‘‘రెండువేల నూరు. అంతకన్నా తగ్గనయ్యా. గోడ మీద రాసుకున్నాను’’ అన్నాడు నాన్న. పెద్దాయన లేచి వెళ్ళి కొట్టం గోడ చూశాడు! బొగ్గుతో వేసిన లెక్కంతా చదివించుకుని, రొక్కం లెక్కపెట్టి ఇచ్చాడు. నాన్న పాత దాణా సంచి కూడా ఆయన చేతికిచ్చి, ‘‘ఇది మెడకి కడితేనే తింటుంది’’ అన్నాడు. చిట్టి మలుపు తిరిగేదాకా చూసి, కొట్టం ఊడ్చడానికి వెళ్ళిపోయాడు.

నా హాస్టలుకి డబ్బు చాలలేదు. నాన్న మిల్లులో అడ్వాన్సు తీసుకున్నాడు. అది దొరికేసరికి నెల పట్టింది. నెల ఆలస్యంగా చేరాను. మొదటి పాఠాలన్నీ పోయాయి. పోయినవి నాలుగొందలా, అయిదొందలా అని లెక్కపెట్టుకుంటూ చాలాకాలం నాన్న మీద లోలోపల కోపంగానే ఉన్నాను. తర్వాత ఏటా సంక్రాంతికి ఆ పెద్దాయన ఓ అరటిగెల తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్ళేవాడు. నేను తినేవాణ్ణి కాదు.

డిగ్రీ అయ్యాక లా చదివాను. అక్కడ 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం మా పాఠం. 17వ సెక్షనులో మోసం అంటే ఏమిటో చెప్పి, కింద కొన్ని ఉదాహరణలు ఇచ్చారు. మొదటి ఉదాహరణే గుర్రం! ఒకడు తన గుర్రానికి లోపం ఉందని తెలిసీ వేలంలో అమ్ముతాడు, లోపం గురించి నోరెత్తడు. చట్టం దృష్టిలో అది మోసం కాదు. నేను వేపచెట్టు కింద అన్నమాట చట్టంలో ఉంది! ఆ క్షణాన గెలిచానని కూడా అనిపించింది.

కానీ ఆ ఉదాహరణలు అక్కడితో ఆగలేదు. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే లోపం చెప్పడం అమ్మేవాడి బాధ్యత అంటుంది రెండోది. ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను’ అని కొనేవాడు అన్నప్పుడు ఊరుకుంటే, ఆ మౌనం మాటతో సమానం అంటుంది మూడోది. ఆ రాత్రి హాస్టల్లో చాలాసేపు నిద్రపట్టలేదు. మా నాన్న ఏ చట్టమూ చదవలేదు. ఆయన దృష్టిలో గుంటూరు జట్కా ఆయనా, ఆయన బండెక్కబోయే ముక్కూ మొహం తెలీని ఆడవాళ్ళూ కూతుళ్ళతో సమానం. చట్టం అక్కర్లేదన్నచోట కూడా ఆయన నోరు విప్పాడు. అంతే తేడా.

చరిత్రలో గుర్రాలమ్మినవాళ్ళంతా మా నాన్నలా లేరనుకోండి. పదహారో శతాబ్దంలో విజయనగరం సంగతులు రాసిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ ఓ విచిత్రం చెబుతాడు. సాళువ నరసింహరాయలు సముద్రం మీదుగా వచ్చే గుర్రాల్ని ప్రాణంతో ఉన్నా, చచ్చినా కొనేవాడట. దారిలో చచ్చిన గుర్రం తోక చూపిస్తే చాలు, బతికున్నదానితో సమానంగా సొమ్మిచ్చేవాడట. తోకకి కూడా ధర వచ్చే రోజుల్లో న్యాయమైన ధర గురించి ఎవరాలోచిస్తారు? కొనేవాడి అవసరమే ధర అయిపోయింది. మా మేనల్లుడేమో అమ్మేవాడి అవసరాన్ని ధర చేశాడు. రెండూ గుర్రం ధరలు కావు.

ఇదంతా వాడికి ఫోన్‌లోనే చెప్పాను. మీ తాత లెక్కే వెయ్యమన్నాను. మాళెగాంలో ఈ ఏడు అలాంటి ఐదేళ్ళ గుర్రం ఎంత పలుకుతోందో కనుక్కో. తెల్లగా ఉందని మురిసిపోకు. తెల్లగుర్రాల్లో చాలామటుకు పుట్టినప్పుడు ముదురురంగులోనే ఉంటాయి, ఏళ్ళు గడిచేకొద్దీ తెల్లబడతాయి. కాబట్టి ముందు పళ్ళు చూపించి వయసు తేల్చు. గ్లాండర్స్ జబ్బు లేదని రక్తపరీక్ష కాగితం తెచ్చి పెట్టు, కొనేవాడికి ధైర్యం. మంచి గుణాలకి కలుపు, వయసుకి తగ్గించు. చివరగా టపాసుల సంగతి చెప్పి, ఆ బెదురుకి ఎంత తగ్గించాలో కాదు, అసలు ఎవరికి అమ్మకూడదో ఆలోచించు అన్నాను.

‘‘పెళ్ళిళ్ళవాడే ఎక్కువిస్తానంటున్నాడు మావయ్యా’’ అన్నాడు నీరసంగా.

‘‘గుర్రం మీద పెళ్ళికొడుకు ముందు ఎవర్ని కూర్చోబెడతారురా?’’ అన్నాను.

వాడు జవాబు చెప్పలేదు. తోడుపెళ్ళికొడుకుని కూర్చోబెడతారు. సాధారణంగా ఐదారేళ్ళ పిల్లాణ్ణి. వాడి కొడుక్కి ఇప్పుడు ఐదేళ్ళు.

మూడు వారాల తర్వాత మళ్ళీ ఫోనొచ్చింది. నూజివీడు దగ్గర మామిడితోట ఉన్న ఓ ఆసామి, తోటలో తిరగడానికి గుర్రం కొనుక్కున్నాడట. ఎంతకిచ్చావని నేనడగలేదు, వాడూ చెప్పలేదు. కారు లోను తీరలేదని మాత్రం వాడి గొంతు వింటే తెలిసింది.

‘‘చెప్పాను మావయ్యా, టపాసుల సంగతి’’ అన్నాడు. ‘‘ఆయన అడక్కముందే చెప్పాను.’’

ఆ సాయంత్రం బజారుకెళ్ళి అరటిపళ్ళు కొనుక్కొచ్చుకుని తిన్నాను.